మూడు చీటీలు, ఒక దొరువు

“దేవుడు నాతో చెప్పాడు” అని ఎవరైనా మొదలుపెడితే ఈ వయసులో కూడా నాకు ఒళ్ళు మండుతుంది. చర్చిలో సంఘ పెద్దగా పాతికేళ్ళు పనిచేసి దిగినవాడు అనాల్సిన మాట కాదని మా ఇంట్లో వాళ్ళే అంటారు. దేవుడు మాట్లాడడని నేను అనడం లేదు. మాట్లాడతాడని నమ్మే ఇంత దూరం వచ్చాను. కాని ఆయన పేరు పెట్టి మనుషులు పలికిన మాటలు కొన్ని నా డైరీల్లో ఉన్నాయి. వాటిలో ఒకటి నాది. దాని గురించి రాయాలని ఎన్నోసార్లు కూర్చుని లేచిపోయాను. ఈసారి లేవను.

మాది బోగోలుకు తూర్పున, సముద్రపు హోరు ఇంట్లోకి వినిపించేంత దగ్గరలో, ఇసుక దిబ్బల మీద ఉన్న చిన్న పాలెం. అందరం క్రైస్తవులమే. నేను చెప్పేది యాభైల చివరి సంగతి. పక్క ఊళ్ళో మంచినీళ్ళ బావి ఉంది, కాని మా కులం వాళ్ళం దాని గట్టు ఎక్కకూడదు. ఎవరికైనా దయ కలిగి పైనుంచి పోస్తే కడవ పట్టుకోవాలి. కలగకపోతే ఎండలో నిలబడాలి. అందుకే పాలెం మొత్తానికీ ఆధారం మా అమ్మ దొరువు.

దొరువంటే బావి కాదు. ఇసుకలో వాలుగా, రొమ్ము లోతు వరకు తవ్విన వెడల్పాటి గుంట. అంచులు జారకుండా తాటి మట్టలు అడ్డం పెడతారు. రెండు చేతులా రెండు కడవలు పట్టుకుని దిగి, ముంచుకుని ఎక్కాలి. మా తీరంలో వాన నీళ్ళు ఇసుకలో ఇంకి, అడుగున ఉన్న ఉప్పు నీళ్ళ మీద పాల మీద మీగడలాగా నిలుస్తాయి. ఆ మీగడ మందం తెలిసినవాళ్ళే దొరువు తవ్వాలి. అమ్మకు తెలుసు. నాయన పోయాక దొరువు చుట్టూ ఉన్న చెక్క నేలలో మిరప నారు, సరుగుడు నారు పెంచి, పొద్దునా సాయంత్రం కడవలతో నీళ్ళు పోసి నన్ను ఎస్సెల్సీ దాకా చదివించింది. రొమ్ము లోతుకు మించి ఒక జాన కూడా తవ్వనిచ్చేది కాదు. “పైన వానదేవుడిది, కింద సముద్రందిరా. మన వంతు ఎంతో అంతే” అనేది.

వేసవిలో ఊట తగ్గేది. ఒక కడవ ముంచాక రెండో కడవకు కూర్చోవాలి. ఆడవాళ్ళు వరుసలో కూర్చుని పేలు చూసుకునేవాళ్ళు, పోట్లాడుకునేవాళ్ళు. ఆ ఏడు మరీ ఎండిపోయింది. మా సంఘ పెద్ద కోడలు వరుసలో ఆగలేక ఊరి బావి దగ్గరికి పోయింది. అక్కడ ఒకడు కర్రతో ఆమె కడవను నెట్టి పగలగొట్టాడు. ఆ పిల్ల తడిసిన చీరతో పాలెం నడుమ నుంచి ఇంటికి నడిచి వచ్చింది. నేను చూశాను. అప్పుడు మా అందరికీ వచ్చిన కోపం న్యాయమైన కోపం. అది ఇక్కడ రాయకపోతే ఈ కథలో పెద్దకు అన్యాయం చేసినవాడినవుతాను. తక్కిన విషయాల్లో ఆయనకు న్యాయం చేయాలన్న ఆత్రం నాకు లేదు.

ఆయన బిట్రగుంటలో రైలు పట్టాల గ్యాంగుకు మేస్త్రీగా చేసి వచ్చినవాడు. పది మంది చేత ఒకేసారి పట్టా ఎత్తించిన గొంతు. ప్రార్థన చేసినా అదే గొంతు. దేవుని సన్నిధిలో మౌనంగా ఎదురుచూడడాన్ని మా సంఘాల్లో కనిపెట్టడం అంటారు. మంచి అలవాటు. మా పెద్ద దానికి ఒక పద్ధతి పెట్టాడు. సంఘానికి ఏదైనా తేలాల్సి వస్తే శనివారం మధ్యాహ్నం ముగ్గురు ప్రార్థన పాకలో కూర్చోవాలి. ముందు ఆయన ప్రార్థన చేస్తాడు. తర్వాత అరగంట మౌనం. తర్వాత ఎవరి చీటీ వాళ్ళు రాసి, మడిచి బల్ల మీద పెట్టాలి. మూడూ ఒకటే చెబితే అది దేవుని స్వరం. ఆ ముగ్గురిలో ఒకడు ఆయన, రెండోవాడు ఆయన మేనల్లుడైన దర్జీ, మూడోవాడిని నేను. యువజనుల కార్యదర్శినని, అక్షరం బాగుంటుందని, అన్నిటికీ మించి ఎదురు చెప్పనని నన్ను పెట్టాడు. పంతొమ్మిదేళ్ళవాడికి అది ఎంత గౌరవమో ఇప్పటి వాళ్ళకు చెప్పినా అర్థం కాదు. గడియారం చూసే పని కూడా నాదే.

కడవ పగిలిన వారం ప్రార్థన కూటంలో పెద్ద లేచి, దేవుడు తనకు చూపించాడని చెప్పాడు. అమ్మ దొరువున్న చోటే సిమెంటు వరలు దించి, నిలువు మీద నిలువు లోతుగా బావి తవ్వాలి. మన బావి, మన గట్టు. ఇక ఎవడి ముందూ కడవ పట్టుకుని నిలబడే పని లేదు. జనం ఊగిపోయారు. స్తోత్రం, స్తోత్రం అన్నారు.

చాపల వెనక వరుసలో నుంచి అమ్మ లేచింది.

“అన్నా, ఆడ లోతుకు పోతే ఉప్పు తగులుద్ది.”

“ఎవరు చెప్పినారమ్మే నీకు?”

“ఎవురు చెప్పేదేంది? నేను రోజూ దిగే గుంట. ఇంకో దొరువు తవ్వుకుందాం, దాని పక్కనే. ఎంత వెడల్పన్నా తవ్వండి, నేల నేనిస్తా. లోతు మాత్రం వద్దు.”

“బైబిల్లో పితరులు తవ్విన బావులు రొమ్ము లోతేనా? విశ్వాసం రొమ్ము లోతుంటే నీళ్ళు కూడా అంతే ఉంటాయి” అన్నాడు పెద్ద. అందరూ నవ్వారు.

“వాళ్ళు తవ్విన కాడ సముద్రం లేదేమో అన్నా.”

ఈసారి ఆడవాళ్ళు మాత్రమే నవ్వారు. పెద్ద మొహం గట్టిపడింది. “సరే. శనివారం కనిపెడదాం. దేవుడే తేలుస్తాడు” అన్నాడు.

ఆ శనివారం ఆయన చేసిన ప్రార్థనే నేను ఇన్నేళ్ళుగా మోస్తున్నది. పావుగంట పైగా చేశాడు. ప్రభువా, ఆ స్థలంలో జీవజలపు ఊట ఉంచావు. ప్రభువా, లోతుగా తవ్వమంటున్నావు. ప్రభువా, ఒక స్త్రీ అవిశ్వాసం నీ కార్యాన్ని ఆపకుండా చెయ్యి. అంటే జవాబంతా తానే దేవుడికి చెప్పి, మాకు వినిపించి, అప్పుడు “ఇక మౌనంగా ఆయన స్వరం విందాం” అన్నాడు. నేను గడియారం చూశాను. అరగంట మొదలైంది.

నేను విన్నవి చెబుతాను. పాక కప్పు మీద కాకి నడిచింది. దర్జీ కడుపు గుర్రుమంది. దూరంగా మా దొరువు దగ్గర ఎవరో ఆడమనిషి “నా కడవ ముందు పెట్టినా, జరుగు మే” అని అరిచింది. అంతే. తర్వాత కాగితం తీసి “తవ్వమని ఆజ్ఞ” అని రాశాను. మూడు చీటీలూ ఒకటే చెప్పాయి. పెద్ద కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. అవి దొంగ కన్నీళ్ళు కావు. అందుకే నాకు ఇంకా కోపం.

ఆ రోజు సాయంత్రం డైరీలో రాసుకున్నది ఇప్పుడు నా ముందే ఉంది. “కనిపెట్టాము. ఏమీ వినపడలేదు. తవ్వమని రాశాను. అమ్మ చెప్పేదే నిజమని తోస్తున్నది.” నాలుగు వాక్యాలు. అక్షరాలు ముత్యాల్లాగే ఉన్నాయి.

ఇంటికి వచ్చాక అమ్మ పొయ్యి ముందు నుంచి తల తిప్పకుండా అడిగింది.

“నిజంగా విన్నావా అబ్బయా?”

“విన్నాను.”

“ఏమని?”

“తవ్వమని.”

అమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసింది. “నాతో ఎప్పుడూ గొంతెత్తి మాట్లాడలా ఆయన. ఈ పని చెయ్యమన్నాడు, చేస్తా ఉండా. నీకు వినపడిందంటే నేనెవర్ని కాదనేదానికి” అంది. మర్నాడు ఆరాధన అయ్యాక పెద్ద దగ్గరికి పోయి నేల ఇస్తున్నానని చెప్పింది. ఆయన ప్రార్థనకు కాదు, దర్జీ చీటీకి కాదు, నా అబద్ధానికి ఇచ్చింది.

వరలు బండి మీద వచ్చాయి. మగవాళ్ళంతా తవ్వారు. నేనూ తవ్వాను. ఒక వర దిగింది, రెండు, మూడు. నీళ్ళు బుసబుస పొంగి వచ్చాయి. తియ్యటి నీళ్ళే. పాలెం అంతా గట్టు చుట్టూ నిలబడి పాడింది. పెద్ద ఒక చెంబు ముంచి అందరి ఎదుటా అమ్మ చేతికిచ్చాడు.

“తాగమ్మే. ఇప్పుడేమంటావు?”

అమ్మ తాగింది. “బాగుండాయి” అంది. ఆయన నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ గుర్తు.

నాలుగో రోజు పొద్దున అమ్మ దోసిలితో నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్మేసింది. “తేడా వచ్చింది” అంది. నాకు తేడా తెలియలేదు. పది రోజులకు కందిపప్పు ఉడకడం మానేసింది. ఎంత కాగినా రాళ్ళలాగా ఉండేది. ఇంటింటా అదే మాట. తర్వాత మిరప నారు ఆకుల అంచులు మాడాయి. సరుగుడు మొక్కలు కాస్త ఆగి, ఒక వారంలో ఎర్రబడిపోయాయి. నెల తిరిగేసరికి ఆ నీళ్ళు నోట్లో పెట్టుకోలేకపోయాము. మీగడను చీల్చుకుని అడుగుకు పోయాక అడుగున ఉన్నదే పైకి వచ్చింది. ఆడవాళ్ళు మళ్ళీ ఊరి బావి గట్టు కింద, అదే ఎండలో, ఈసారి పాలెం మొత్తం ఆడవాళ్ళు, నిలబడ్డారు. పోసేవాళ్ళు నవ్వుతూ పోశారు. “మీ దేవుడు బావి ఇచ్చినాడంట గదా?” అని.

ఇక్కడితో అయిపోయి ఉంటే నేను మరిచిపోయేవాడినేమో. పొరపాటు ఎవరైనా చేస్తారు. కాని పెద్ద మళ్ళీ కనిపెడదామన్నాడు. ప్రశ్న ఇది: దేవుడిచ్చిన తియ్యటి నీళ్ళు ఎవరి పాపం వల్ల చేదయ్యాయి? ప్రార్థనలో మళ్ళీ జవాబు చెప్పాడు. నీ కార్యానికి మొదటి రోజే ఎదురు నిలిచిన అవిశ్వాసాన్ని బయటపెట్టు ప్రభువా, అన్నాడు. నా తల్లి గురించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని.

నేను ఖాళీ కాగితం మడిచి పెట్టాను. ఆ రోజు అది ధైర్యమనుకున్నాను. డైరీలో కూడా “రాయలేదు” అని గర్వంగా రాసుకున్నాను. పెద్ద మూడూ విప్పి, నా ఖాళీ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఈ పిల్లోడితో ఈసారి దేవుడు మాట్లాడలా. మా ఇద్దరితో మాట్లాడినాడు. సాక్షులు ఇద్దరు చాలు” అన్నాడు. ఆ ఆదివారం అమ్మను ప్రభువు బల్ల నుంచి, ఆయన పేర రొట్టె, రసం పంచుకునే సంస్కారం నుంచి, ఆపేశారు. సంఘం ముందు తన అవిశ్వాసం ఒప్పుకునే వరకు ఆమెకు రొట్టె లేదు, రసం లేదు. ఆ తీర్మానం సంఘ పుస్తకంలో రాసింది కూడా నేనే. నోరు మూసుకున్నవాడి చేతి నుంచి అంతకంటే ఏం వస్తుంది?

మా వాళ్ళలో బల్ల నుంచి ఆపడమంటే ఏమిటో బయటివాళ్ళకు చెప్పాలి. పెళ్ళిలో పక్క విస్తరి వేయరు. పురుడు పోయడానికి పిలవరు. చస్తే మట్టి వేయడానికి ఎవరొస్తారో చెప్పలేము. అమ్మ పాలెంలో పిల్లలందరికీ బొడ్డు కోసిన మనిషి.

ఆమె మానలేదు. ప్రతి ఆదివారం వచ్చి వెనక చాప మీద కూర్చునేది. నెలకొకసారి, మొదటి ఆదివారం, రొట్టె పళ్ళెం ఆమె పక్కనుంచి పోయేది. పళ్ళెం పట్టుకుపోయేవాడిని నేను. రెండు నెలలు అలా పట్టుకుపోయాను. మూడో నెల రాకముందు ఒక సాయంత్రం, ఎండిపోయిన నారుమళ్ళ దగ్గర, అమ్మకు చెప్పాను. నాకేమీ వినపడలేదని. రాసింది అబద్ధమని. నీతో చెప్పింది కూడా అబద్ధమని.

చేతిలో ఉన్న మట్టిగడ్డ నా మీదికి విసిరింది. భుజానికి తగిలింది.

“నీళ్ళు పోయినందుకు కాదురా! నేను తెలుసుకున్నది వదిలిపెట్టుకోని నువ్వు విన్నది నమ్మినా. ఇన్నేళ్ళ నా పని వదిలిపెట్టుకోని!”

“తప్పయిపోయింది.”

“నాకు చెప్తే ఏం లాభం? గమ్మున నాకు చెప్పి గమ్మున పడుకుంటావా? యాడ రాసినావో ఆడ చెప్పుపో.”

ఆ ఆదివారం ప్రకటనల వేళ నేను డైరీ పట్టుకుని లేచాను. ఆ నాలుగు వాక్యాలూ చదివాను. పెద్ద కూర్చున్నచోటు నుంచే నవ్వాడు.

“పిల్లోడు. పుస్తకాల్లో ఏందేందో రాసుకుంటాడు. తల్లి మీద జాలి.”

అప్పుడు దర్జీ లేచాడు. ఆ మనిషి అందులోకి వస్తాడని నేను కలలో కూడా అనుకోలేదు.

“మామా, నాకు గూడా ఏం వినపళ్ళా” అన్నాడు. “నువ్వు ప్రార్థనలో చెప్పింది రాసినా. రెండుసార్లూ అంతే. అందరికీ వినపడతా ఉండాదేమో, నా ఒక్కడికే చెవుడనుకున్నా.”

ఎవరో పక్కున నవ్వి ఆపుకున్నారు. వెనక నుంచి అమ్మ అడిగింది, గొంతు పెంచకుండా: “మరి నీకు వినపడిందా అన్నా?”

పెద్ద నేల చూస్తూ, “కోడలు తడిసిన గుడ్డలతో వచ్చినప్పుడు వినపడింది. చాలు ఇట్టా బతికింది అని వినపడింది” అన్నాడు.

“అది ఆయన గొంతే అయ్యుంటది” అంది అమ్మ. “నాకు గూడా వినపడింది ఆ పొద్దు. నా దొరువులో వరలు దించమని మాత్రం నాకు వినపళ్ళా. అది నువ్వు కలుపుకున్నావు. ఆ మాట చెప్పు. చెప్పి నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టు.”

ఆయన చెప్పలేదు. లేచి వెళ్ళిపోయాడు.

తర్వాత వరలు పైకి లాగించి, గుంటను పాత లోతు వరకు ఇసుకతో పూడ్చాము. అమ్మ నిలబడి ఎంత ఇసుక, ఏ ఇసుక అని చెప్పింది. మూడో రోజు పెద్ద కూడా వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా గంపలు మోశాడు. ముసలాయన చెమటలు కారుస్తూ మోస్తుంటే జనం కరిగిపోయారు. ఇంతకంటే ఏం ఒప్పుకోవాలి, చేతల్తో ఒప్పుకున్నాడు గదా అన్నారు. అమ్మ ఒక్కటే అంది: “నోటితో తీసేసినాడు. నోటితోనే పెట్టాల.” సంఘం కమిటీ గుట్టు చప్పుడు కాకుండా ఆమె మీద నిషేధం ఎత్తేసింది. పుస్తకంలో కారణం రాయలేదు. రొట్టె ఆమె ముందుకు వెళ్ళింది. ఆమె తల అడ్డంగా ఊపింది.

ఒక వానాకాలం, రెండో వానాకాలం పోయాక దొరువులో నీళ్ళు తాగేందుకు పనికొచ్చాయి. అరవైలు సగానికి వచ్చాయి. ప్రతి మొదటి ఆదివారం నా డైరీలో అదే మాట: “అమ్మ తీసుకోలేదు.” ఆ ఏళ్ళలో నన్ను అన్నిటికంటే మండించింది పెద్ద కాదు. ఇంటికి వచ్చి అమ్మకు క్షమాపణ గురించి బోధించినవాళ్ళు. తప్పు చేసినవాడికి ఒక్కడూ బోధించలేదు. మాట పడిన మనిషికి మాత్రం ప్రతివాడూ బోధించాడు. మెత్తగా, నవ్వుతూ, ఆమె నీళ్ళే తాగుతూ. పెద్ద ఇంటికి కూడా ఆ నీళ్ళే పోయేవి. వరుసలో ఆయన కోడలి కడవ వస్తే అమ్మే ముంచి ఇచ్చేది.

పెద్ద పక్షవాతంతో మంచాన పడ్డాక, మూడు నెలలకొకసారి వచ్చే పాస్టరుగారు మారారు. కొత్తాయన చిన్నవాడు. ఆయన మొదటి ఆదివారం పళ్ళెం వెనక వరుస దాకా పోయి అట్లాగే తిరిగి రావడం చూసి, ఎందుకని నన్ను అడిగారు. చెప్పాను. ఆయన అంగీ సర్దుకుని అమ్మ ఎదురుగా వచ్చి నిలబడ్డారు. “అమ్మా, మీరు చెప్పింది నిజం. సంఘం దేవుని పేరుతో అబద్ధం చెప్పింది. మిమ్మల్ని ఆపింది తప్పు. ఈ సంఘం తరఫున ఒప్పుకుంటున్నాను” అన్నారు. పట్టుమని నిమిషం పట్టలేదు.

అమ్మ రొట్టె తీసుకుంది. నోట్లో పెట్టుకునే ముందు ఆయన మొహంలోకి చూసి, “ఇంత చిన్న మాటకు ఇన్నేళ్ళు ఎందుకు పట్టింది అయ్యగారూ?” అని అడిగింది.

అది ఆయనను అడగాల్సిన ప్రశ్న కాదు. పళ్ళెం పట్టుకుని పక్కన నిలబడ్డవాడిని నేను. ఆ మాట చెప్పడానికి పాస్టరు కానక్కర్లేదు, పెద్ద కానక్కర్లేదు. నా చీటీ అబద్ధమని చెప్పుకున్నాను, నా మనసు తేలిక చేసుకున్నాను. ఆమెను ఆపింది తప్పు అని మాత్రం ఏ మొదటి ఆదివారమూ అనలేదు. చెప్పాల్సింది పెద్ద కదా అని ఆయన వైపు చూస్తూ, నెల నెలా ఆమె ముందు నుంచి పళ్ళెం వెనక్కి తెచ్చి, ఇంటికి పోయి దాన్ని డైరీలో రాసుకున్నాను.